వేలి మీద వెలుగు

హైదరాబాదులో బషీర్‌బాగ్ పక్కనే కింగ్ కోఠి. అక్కడ సర్కారు దవాఖానా ఉంది. 2020లో కరోనా వచ్చింది. ఆ దవాఖానాలో కరోనా రోగులను చేర్చుకున్నారు. ఆ రోజుల్లో అందరి నోటా ఒకటే మాట: "ఆక్సిజన్ ఎంత ఉంది?"

ఆక్సిజన్ అంటే ప్రాణవాయువు. ఊపిరితో లోపలికి పోతుంది. రక్తంలో కలుస్తుంది. మెదడు, గుండె, కండలు దాన్ని వాడుకుంటాయి. అది చాలకపోతే ప్రాణానికే ముప్పు.

వెనక దీన్ని కొలిచే పరికరం లేదు. 1888, 1889లలో క్లోరోఫాం మత్తు మీద హైదరాబాదులో పెద్ద పరిశోధన జరిగింది. మత్తులో ఉన్న రోగి ఊపిరిని కనిపెట్టి ఉండాలని డాక్టర్లు తేల్చారు. ఆ కాలంలోనే డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదులో మత్తు ఇచ్చేవారు. లోకంలో ఆ పని చేసిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ఆనాడు డాక్టరు కళ్ళే కొలత.

ఇప్పుడు చిన్న పరికరం ఉంది. దాని పేరు పల్స్ ఆక్సీమీటర్. 1974లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి ఈ పద్ధతిని లోకానికి చెప్పారు.

ఇది బట్టల క్లిప్పులా వేలిని పట్టుకుంటుంది. సూది గుచ్చదు. ఇందులో రెండు రకాల వెలుగు ఉంటుంది. ఒకటి ఎర్రనిది. రెండోది కంటికి కనపడదు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రగా ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే నల్లబడుతుంది. రక్తం రంగును బట్టి వేలు దాటి వచ్చే వెలుగు మారుతుంది. పరికరం దాన్ని కొలిచి అంకె చూపుతుంది.

ఇలాగే వెలుగుతో పనిచేసే మరో పరికరాన్ని నుదుటికి అంటిస్తారు. పెద్ద ఆపరేషన్లలో మెదడుకు ఆక్సిజన్ చాలుతోందా అని చూస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. అత్తకు దగ్గు, ఆయాసం. కోడలు వేలికి పరికరం పెట్టింది.

"98 ఉంది అత్తమ్మా. మంచిగనే ఉంది."

అప్పుడే ఆశా అక్క వచ్చింది.

"తలకిందులుగ చూసినవ్ చెల్లె! ఇటు దిక్కు నుంచి చూడు."

చూస్తే 86! వెంటనే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. అంకెను సరిగా చదవడం అంత ముఖ్యం.

గుర్తుంచుకోండి

1. శాతం గుర్తు ఉన్న అంకె ఆక్సిజన్‌ది. రెండోది నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది.
2. ఆరోగ్యంగా ఉన్నవారికి మామూలుగా 95 నుంచి 100 ఉంటుంది. తగ్గితే డాక్టరుకు చూపాలి. 90 కన్నా తగ్గితే ఆలస్యం చేయొద్దు.
3. గోళ్ళ రంగు తుడవాలి. చల్లబడిన చేతిని వెచ్చచేయాలి. చెయ్యి కదపొద్దు.
4. చర్మం నల్లగా ఉంటే అంకె అసలు కన్నా ఎక్కువ చూపవచ్చు. అంకె బాగున్నా ఆయాసం ఎక్కువైతే, పెదాలు నీలమైతే 108కు ఫోన్ చేయాలి.

చేసి చూడండి

కాగితం మీద 86 అని రాయండి. కాగితాన్ని తలకిందులుగా తిప్పండి. ఏ అంకె కనపడింది? మీ ఇంట్లో వాళ్ళకు కూడా చూపించండి.