ఇంటి కంప్యూటర్‌కి ఏ సర్వీసులు కావాలి?

కంప్యూటర్ల గురించి నలుగురు తెలుగువాళ్ళు మాట్లాడుకునే చోట నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. “ఆన్ చేసి, కాఫీ కలుపుకుని వచ్చినా మా కంప్యూటర్ ఇంకా తిరుగుతూనే ఉంటుందండీ. వెనకాల ఏవేవో సర్వీసులు నడుస్తాయట కదా, వాటిల్లో ఏవి ఆపేయమంటారు?”

నా జవాబు విని చాలామంది నిరుత్సాహపడతారు. విండోస్‌తో పాటు వచ్చే సర్వీసుల్లో మనం ఆపదగ్గవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిని ఆపితే కలిసొచ్చే సమయం కూడా కొద్దే. అసలు చూడవలసినవి మనమే తెచ్చి పెట్టుకున్న ప్రోగ్రాముల వెంట వచ్చిన సర్వీసులు. వాటిలో కొన్ని సమయాన్ని తింటాయి. కొన్ని ఇంటి తలుపు తెరిచి ఉంచుతాయి. ఏది ఏదో తెలుసుకుని నిర్ణయించుకోవడం ఎలాగో ఈ వ్యాసంలో చూద్దాం. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, విండోస్ 11 ఉన్న సొంత కంప్యూటర్ల గురించి. ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్ళకండి. అందులో ఏది నడవాలో నిర్ణయించేది ఆఫీసు ఐటీ వాళ్ళే.

సర్వీసు అంటే ఏమిటి?

మనం తెరిచి వాడుకునే వర్డ్, బ్రౌజర్ లాంటివి ప్రోగ్రాములు. తెర మీద కనబడకుండా వెనక పనిచేసేవి సర్వీసులు. వైఫైకి కలపడం, శబ్దం వినిపించడం, ప్రింటరుకు కాగితాలు వరసలో పంపడం, ఫైర్‌వాల్ కాపలా, ఇవన్నీ సర్వీసులు చేసే పనులే. వీటిలో చాలావాటికి మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రావలసిన అవసరం కూడా లేదు. అంతకు ముందే పని మొదలుపెడతాయి.

స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని టైపు చేసి తెరిస్తే వాటి పట్టిక మొత్తం కనిపిస్తుంది. ప్రతిదానికీ స్టార్టప్ టైప్ అని ఒక గడి ఉంటుంది. అందులో వచ్చే మాటలకు అర్థాలివి:

1. ఆటోమాటిక్: కంప్యూటర్‌తో పాటే మొదలవుతుంది.
2. ఆటోమాటిక్, డిలేయ్డ్ స్టార్ట్: ముఖ్యమైనవన్నీ మొదలయ్యాక, కాస్త ఆగి మొదలవుతుంది.
3. మాన్యువల్: ఎవరైనా పిలిస్తేనే లేస్తుంది. ఆ పిలుపు మీ నుంచే రానక్కరలేదు, ఇంకో ప్రోగ్రామో, విండోసో పిలవవచ్చు.
4. డిజేబుల్డ్: ఎవరు పిలిచినా లేవదు.

కొన్నిటి పక్కన ట్రిగ్గర్ స్టార్ట్ అని కూడా ఉంటుంది. అంటే ఒక ప్రత్యేకమైన సంఘటన జరిగినప్పుడు, ఉదాహరణకు ఫలానా పరికరం తగిలించినప్పుడు, విండోస్ దాన్ని లేపుతుందన్నమాట.

పాత పట్టికలు ఎందుకు పనికిరావు?

“ఈ ముప్ఫై సర్వీసులు ఆపేయండి” అనే పట్టికలు విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ చేతులు మారుతూ ఉన్నాయి. అప్పట్లో వాటికి అర్థం ఉండేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సిఫారసు చేసిన మెమరీ 128 మెగాబైట్లు. ఒక్కొక్క సర్వీసూ తినే రెండు మూడు మెగాబైట్లు కూడా లెక్కలోకి వచ్చేవి. పైగా అక్కర్లేని సర్వీసులు కొన్ని తెరిచి ఉండేవి. మెసెంజర్ అనే సర్వీసును వాడుకుని ప్రకటనలవాళ్ళు తెర మీదకు నేరుగా సందేశాలు పంపేవారు. 2003లో బ్లాస్టర్ అనే వర్మ్ ఆర్పీసీ సర్వీసులోని లోపం గుండా కంప్యూటర్లలోకి దూరింది. 2004లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ మెసెంజర్ సర్వీసును ఆపి, ఫైర్‌వాల్‌ను తనంతట తానే ఆన్ అయ్యేలా చేసింది.

తర్వాత విండోస్ తీరే మారింది. డిలేయ్డ్ స్టార్ట్ విస్టాతో 2007లోనూ, ట్రిగ్గర్ స్టార్ట్ విండోస్ 7తో 2009లోనూ ఇళ్ళలోకి వచ్చాయి. ఫ్యాక్స్ లాంటివి ఈరోజు మాన్యువల్‌గానే ఉంటాయి. వాటిని డిజేబుల్ చేస్తే మిగిలేది ఏమీ లేదు, నిద్రపోతున్నవాణ్ణి పడుకోమని చెప్పినట్టే.

ఇంకో అపోహ కూడా ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి, సర్వీస్ హోస్ట్ అనే పేరు పదులకొద్దీ చూసి, వైరస్ ఏమోనని కంగారు పడేవాళ్ళున్నారు. పూర్వం అనేక సర్వీసులను ఒకే గంపలో పెట్టి నడిపేవారు. 2017లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1703 నుంచి, మెమరీ 3.5 గిగాబైట్లకు మించి ఉన్న కంప్యూటర్లలో చాలావాటిని విడివిడిగా నడుపుతున్నారు. ఒకటి పడిపోతే మిగతావాటిని లాక్కుపోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. కాబట్టి ఆ సంఖ్య చూసి బెదరనక్కరలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సర్వీసుల పట్టిక దగ్గర మొదలుపెట్టకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్ భాగానికి వెళ్ళండి. మీరు లోపలికి వచ్చాక మొదలయ్యే ప్రోగ్రాములు ఇక్కడుంటాయి, ప్రతిదాని పక్కన దాని భారం ఎంతో కూడా రాసి ఉంటుంది. ఛాటింగ్, సంగీతం, ఆటల ప్రోగ్రాములు ఇక్కడ ఆపేస్తే నష్టమేమీ లేదు. కావలసినప్పుడు మీరే తెరుచుకుంటారు. చాలా ఇళ్ళలో తేడా కనిపించేది ఇక్కడే.

ఆ తర్వాత స్టార్ట్ మెనూలో సిస్టమ్ కాన్ఫిగరేషన్ అని వెతికి తెరవండి. సర్వీసెస్ భాగంలో అడుగున, మైక్రోసాఫ్ట్ సర్వీసులన్నీ దాచమనే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. వందల వరసల పట్టిక ఒక్కసారిగా పది ఇరవైకి దిగిపోతుంది. ఆ మిగిలినవే మీరు పరిశీలించవలసినవి. ఇక్కడ చూడడం వరకే చేయండి, టిక్కులు తీసేయకండి. తీసేస్తే అవి ఏకంగా డిజేబుల్ అవుతాయి.

మూడు ప్రశ్నలు

మిగిలిన ప్రతి సర్వీసు గురించీ నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, ఇది ఏ ప్రోగ్రాము వెంట వచ్చింది? ఆ ప్రోగ్రామునే మీరు వాడకపోతే సర్వీసును ఆపడం సగం పనే. ప్రోగ్రామును మొత్తం తీసేయండి. ఎప్పుడో పారేసిన ప్రింటరు తాలూకు సాఫ్ట్‌వేర్, అమ్మేసిన ఫోను కోసం వేసుకున్న ఐట్యూన్స్, దానితో వచ్చిన బాంజూర్, ఇవన్నీ ఈ కోవలోవే.

రెండు, ఇది నా భద్రత కోసం నడుస్తోందా? బ్రౌజర్‌ను, పీడీఎఫ్ రీడర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే అప్‌డేట్ సర్వీసులు చూడటానికి దండగలా కనిపిస్తాయి. ఆ ప్రోగ్రాము వాడుతున్నంత కాలం వాటిని ఉంచండి. రెండు సెకన్ల కోసం భద్రతా సవరణలు వదులుకోవడం తెలివైన బేరం కాదు.

మూడు, ఇది ఆటోమాటిక్‌గానే ఉండాలా? వారానికోసారి వాడే స్కానరు సర్వీసును మాన్యువల్ చేసి చూడవచ్చు. స్కానింగు మామూలుగానే జరిగితే అలాగే వదిలేయండి. జరగకపోతే తిరిగి ఆటోమాటిక్ చేయండి. ఏ సర్వీసునైనా ముందు మాన్యువల్ చేయడమే నా పద్ధతి, డిజేబుల్ చేయడం ఆఖరి మాట.

విండోస్ సొంత సర్వీసులు

ముట్టుకోకూడనివి ముందు చెబుతాను. ఆర్పీసీ, డీకామ్, టాస్క్ షెడ్యూలర్‌లను మార్చే మీటలు ఆ పట్టికలో బూడిద రంగులో ఉంటాయి, మీరు మార్చాలన్నా మారవు. డీహెచ్‌సీపీ క్లయింట్ ఆపితే నెట్‌వర్క్ చిరునామా దొరకదు. వ్లాన్ ఆటోకాన్ఫిగ్ ఆపితే వైఫై ఉండదు. నాకు తెలిసిన ఒకాయన ఎవరో పంపిన పట్టిక చూసి దాన్ని ఆపేసి, రూటరు పాడైందనుకుని కొత్తది కొనుక్కొచ్చారు. పాత రూటరు ఇప్పటికీ ఆయన గరాజ్‌లో నిక్షేపంగా ఉంది. ఫైర్‌వాల్ సర్వీసు ఆపడాన్ని మైక్రోసాఫ్ట్ సమర్థించదు. ఆపితే స్టార్ట్ మెనూ కూడా పనిచేయకపోవచ్చని వాళ్ళే హెచ్చరిస్తారు. విండోస్ అప్‌డేట్, డిఫెండర్ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మీ ఇష్టానికి వదలదగ్గవి ఇవి:

ప్రింట్ స్పూలర్: ఇంట్లో ప్రింటరు లేకపోతే ఆపవచ్చు. ఇది వేగం కోసం కాదు. 2021లో ప్రింట్ నైట్‌మేర్ అని పేరుపడ్డ లోపం ఈ సర్వీసులోనే బయటపడి, మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది. అయితే దీన్ని ఆపితే పీడీఎఫ్‌గా ప్రింట్ చేసుకునే సౌకర్యం కూడా పోతుంది.

విండోస్ సెర్చ్: మీ ఫైళ్ళకు సూచిక తయారుచేసి పెడుతుంది. పాత హార్డ్ డిస్క్ మీద ఇది కాస్త బరువే. కానీ ఫైళ్ళనో, అవుట్‌లుక్‌లో ఉత్తరాలనో తరచు వెతికేవారు ఉంచుకోవాలి.

సిస్‌మెయిన్: విస్టా కాలంలో దీని పేరు సూపర్‌ఫెచ్. మీరు తరచు వాడే ప్రోగ్రాములను ముందుగానే మెమరీలోకి తెచ్చి ఉంచుతుంది. డిస్క్ ఎప్పుడూ నూరు శాతం దగ్గరే ఉంటే ఒక వారం ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్ళీ పెట్టేయండి.

తెలుగులో టైపు చేసేవారికి ప్రత్యేకం

ఎక్స్‌పీ కాలపు పట్టికల్లో సీటీఎఫ్‌మాన్ అనేదాన్ని ఆపమని తప్పకుండా ఉండేది. అది సర్వీసు కాదు, స్టార్టప్ ప్రోగ్రాము. ఇంగ్లీషు ఒక్కటే టైపు చేసేవారికి దానితో పనిలేదని ఆ పట్టిక రాసినవారి ఉద్దేశం. భాషలు మార్చుకునే లాంగ్వేజ్ బార్ దానిమీదే ఆధారపడి ఉండేది కనుక, అది ఆపిన తెలుగువారికి కీబోర్డు మార్చుకునే దారి కనిపించకుండా పోయేది. ఇప్పటికీ ఆ కథ ముగియలేదు. విండోస్ 10లో టచ్ కీబోర్డ్ అండ్ హ్యాండ్‌రైటింగ్ ప్యానెల్ అనే సర్వీసు పేరు చూసి, నాకు టచ్ స్క్రీనే లేదు కదా అని ఆపేస్తారు. దాంతో స్టార్ట్ మెనూ వెతుకుడు గడిలో ఒక్క అక్షరమూ పడదు. విండోస్ 11లో దాని బదులు టెక్స్ట్ ఇన్‌పుట్ మేనేజ్‌మెంట్ సర్వీస్ ఉంది. రెంటినీ కదపకండి. పట్టిక రాసినవారి అవసరాలూ మన అవసరాలూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కంప్యూటర్

మనలో చాలామందికి ఇంకో కంప్యూటర్ బాధ్యత కూడా ఉంటుంది. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు నాన్నగారి కంప్యూటర్లో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటిది ఏదో వేసి, ఇక్కడి నుంచే బాగుచేసేలా ఏర్పాటు చేసి వస్తాం. ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇవి సర్వీసుగా స్థిరపడి, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ మొదలవుతాయి. పాస్‌వర్డ్ కొడితే అవతల ఎవరూ ఒప్పుకోనక్కరలేకుండా లోపలికి వెళ్ళే వీలు కూడా మనమే పెట్టి ఉంటాం. అదే కంప్యూటర్లో ఆయన బ్యాంకు లావాదేవీలు చూసుకుంటారు. “మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఆ ప్రోగ్రాము తెరిచి నంబరు చెప్పండి” అని ఫోను చేసే మోసగాళ్ళకు కావలసింది సరిగ్గా అలాంటి సాధనమే.

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పనే చేయదలిస్తే ఇది చేయండి. ఆ సర్వీసును మాన్యువల్ చేయండి, లేదా ప్రోగ్రామునే తీసేయండి. ఎవరూ ఒప్పుకోకుండా వెళ్ళే పాస్‌వర్డ్ ఉంటే తొలగించండి. విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ వాడుకోవచ్చు. సాయం చేసేవారు ఇచ్చే కోడ్‌కు కొద్ది నిమిషాల్లోనే కాలం చెల్లుతుంది, అవతలివారు ఒప్పుకుంటేనే తెర కనిపిస్తుంది. మోసగాళ్ళు దీన్నీ వాడుకుంటున్నారు కాబట్టి, “నా గొంతు విని, నువ్వే నాకు ఫోను చేస్తే తప్ప ఏ నంబరూ కొట్టొద్దమ్మా” అని ఇంట్లో గట్టిగా చెప్పి ఉంచండి.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

సర్వీసెస్ కిటికీలో యాక్షన్ మెనూ కింద ఎక్స్‌పోర్ట్ లిస్ట్ ఉంటుంది. దాంతో పట్టికను ఒక ఫైలుగా దాచుకోండి, ఏది ముందు ఎలా ఉండేదో రేపు తెలుస్తుంది. ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. సర్వీసు మీద రెండుసార్లు నొక్కి, డిపెండెన్సీస్ భాగంలో దానిమీద ఏవేవి ఆధారపడ్డాయో చూడండి. రోజుకు ఒకటి మాత్రమే మార్చండి. పది ఒకేసారి మారిస్తే శబ్దం ఎందుకు పోయిందో వెతకడం మీవల్ల కాదు.

ఫలితం చూడడానికి షట్‌డౌన్ చేయకండి, రీస్టార్ట్ చేయండి. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల, షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థ స్థితిని డిస్క్ మీద దాచి మళ్ళీ అదే తెచ్చుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే.

అంచనాల మీద ఆధారపడకుండా కొలవవచ్చు కూడా. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ వరకు వెళ్ళండి. 100 నంబరు ఉన్న నమోదులో బూట్ సమయం మిల్లీసెకన్లలో ఉంటుంది. 45,000 అంటే 45 సెకన్లు. ఆలస్యానికి కారణమైన ప్రోగ్రాములు 101 కింద, డ్రైవర్లు 102 కింద, సర్వీసులు 103 కింద పేర్లతో సహా కనిపిస్తాయి. పట్టికలు రాసేవాళ్ళ కంటే మీ కంప్యూటర్ గురించి మీ కంప్యూటర్‌కే బాగా తెలుసు.

ఇన్ని చేసినా పాత ల్యాప్‌టాప్ నత్తనడకే నడుస్తుంటే, లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే తేడా, సర్వీసులన్నీ కలిపి ఆపినా రాదు. అలాగే విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోగల కంప్యూటర్ అయితే ఆ పని ముందు చేసి, సర్వీసుల పట్టిక తర్వాత తెరవండి.