సీటీలో ఏమీ లేదంటే దెబ్బ లేనట్టేనా?

తలకు దెబ్బ తగిలిన మనిషిని తీసుకురాగానే "సీటీ ఎందుకు సిస్టర్, ఎం.ఆర్.ఐ. తీస్తేనే అంతా తెలుస్తుందట కదా" అని మీలో చాలామంది అడుగుతారు. ప్రాణం తీసే పెద్ద రక్తస్రావం, పుర్రె ఎముక విరగడం సీటీలో నిమిషాల్లో తెలుస్తాయి. ఆ గంటలో ఆపరేషన్ కావాలా వద్దా అన్నది తేలడమే ముఖ్యం. అందుకే ముందు సీటీ.

కాని దానికీ హద్దుంది. సీటీ మెదడును ముక్కలు కోసినట్టుగా చిత్రాలు తీస్తుంది. ఒక్కో ముక్క మందం కొన్ని మిల్లీమీటర్లుంటే, ఆవగింజకన్నా చిన్న రక్తపు చుక్క అందులో కనిపించకుండా పోవచ్చు.

ఇలాంటి చుక్కల కోసమే ఎం.ఆర్.ఐ.లో ఎస్.డబ్ల్యు.ఐ. అనే పద్ధతి ఉంది. అమెరికాలో మార్క్ హాకే అనే శాస్త్రవేత్త బృందం 1990లలో దీన్ని రూపొందించింది. రక్తంలో ఇనుము ఉంటుంది కదా! చిందిన రక్తంలోని ఇనుము యంత్రపు అయస్కాంత శక్తిని ఆ చోట కాస్త చెదరగొడుతుంది. అక్కడ నల్లచుక్క పడుతుంది, అదీ ఉన్నదానికన్నా పెద్దదిగా. నెలలు గడిచినా ఈ గుర్తు ఉండవచ్చు.

ఈ చిన్న చుక్కలకు సాధారణంగా ఆపరేషన్ ఉండదు. మరి చూసి ఏం లాభం? బొగ్గుబాయిలో తలకు దెబ్బ తగిలినవాడో, షిఫ్టు దిగి వస్తూ బండి మీదనుంచి పడినవాడో నెల దాటినా మతిమరుపుతో, ఊరికే కోపంతో ఉంటే "సీటీలో ఏమీ లేదన్నారు, డ్యూటీకి పోలేక నాటకాలాడుతున్నాడు" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆ మాట అనకండి. ఎస్.డబ్ల్యు.ఐ.లో కూడా ఏమీ కనిపించకపోయినా అతని బాధ నిజమే కావచ్చు. మనసు నిలవని మనిషి బాయిలోకి దిగితే పక్కవాళ్ళకూ ముప్పే. ఫిట్‌నెస్ కోసం తొందరపెట్టకుండా, మీరు గమనించిన మార్పులన్నీ డాక్టరుగారికి చెప్పండి.

ఎం.ఆర్.ఐ. రాస్తే పాత సీటీ ఫిల్ములు కూడా తీసుకెళ్ళండి. వర్క్‌షాపులో గ్రైండింగ్, వెల్డింగ్ చేసేవారి కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే, ఎంత పాత సంగతైనా, ముందే చెప్పాలి. పేస్‌మేకర్, లోపల వేసిన క్లిప్పుల సంగతి కూడా అంతే.

మళ్ళీ మళ్ళీ వాంతులు, మత్తుగా పడి ఉండడం, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, రోజురోజుకూ పెరిగే తలనొప్పి ఉంటే మాత్రం ఎం.ఆర్.ఐ. తేదీ కోసం ఆగవద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి. వృద్ధుల్లో, రక్తం పలుచబడే మందులు వాడేవారిలో, బాగా తాగేవారిలో దెబ్బ తగిలిన రెండు మూడు వారాలకు కూడా ఇవి మొదలవుతాయి.