గని లారీల దారిలో సీసపు ధూళి: నివారణే చికిత్స

సీసం మన శాస్త్రానికి కొత్త లోహం కాదు. రసశాస్త్రంలో దీనికి నాగమని పేరు. శోధనం, మారణం అనే సంస్కారాలు జరగనిదే నాగాన్ని ఔషధంగా ఉపయోగించరాదని గురువులు శిష్యులకు మొదటనే బోధించేవారు. ఇంతటి జాగ్రత్తతో చూడవలసిన లోహం కొన్ని దేశాలలో రహదారి మీద ధూళిగా రాలి వాకిటిలోకి, వంటింటిలోకి, పసివారి నోటిలోకి చేరింది. గని నుండి కర్మాగారానికో, ఓడరేవుకో సీసపు ఖనిజాన్ని మోసే లారీలే అందుకు వాహకాలు. ఈ ధూళి ఎట్లా పుడుతుంది, శరీరంలో ఏమి చేస్తుంది, దానిని ఎక్కడ ఆపవలెను అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ధూళి పుట్టుక

సీసం ప్రధానంగా గెలీనా అనే ఖనిజం నుండి లభిస్తుంది. ఇది సీసం, గంధకం కలిసిన పదార్థం. తవ్వి తీసిన రాతిలో సీసం కొద్ది శాతమే ఉంటుంది. అందువల్ల గని దగ్గరనే రాతిని మెత్తగా నూరి, నీటిలో నురుగు సహాయంతో ఖనిజాన్ని తేల్చి, పనికిరాని భాగాన్ని వేరు చేస్తారు. మిగిలిన సాంద్రీకృత ఖనిజంలో సాధారణంగా సగానికి పైగా సీసమే ఉంటుంది. చూడటానికి అది నల్లని మెత్తని పిండి. లారీలలో ప్రయాణించేది ఈ పిండే.

నింపేటప్పుడు లారీ అంచులమీద, చట్రంమీద, చక్రాలమీద ఈ పిండి పడుతుంది. తడిగా ఉన్నంతసేపు అంటుకొని ఉండి, ఎండిన తరువాత దారి పొడుగునా రాలుతుంది. పైన కప్పిన టార్పాలిన్ గాలికి ఎగిరినప్పుడు సందులలోనుండి లేస్తుంది. రాలిన పిండిని వెనుక వచ్చే ప్రతి వాహనమూ మరింత నలిపి మళ్ళీ గాలిలోకి లేపుతుంది. కుళ్ళి నశించే పదార్థం కాదు గనుక, తొలగించనంత కాలం సీసం ఆ మట్టిలోనే ఉంటుంది.

రెండు దారులు నేర్పిన పాఠం

అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున హెర్క్యులేనియం అనే చిన్న పట్టణం ఉన్నది. 1892 నుండి అక్కడ సీసం కరిగించే కర్మాగారం నడిచింది. గనుల నుండి ఖనిజపు పిండి లారీలలో ఊరి వీధుల గుండానే వచ్చేది. 2001లో అధికారులు ఆ వీధులలోని ధూళిని పరీక్షించగా కొన్నిచోట్ల అందులో 30 శాతం వరకు సీసం కనబడింది. అదే సంవత్సరం జరిపిన రక్తపరీక్షలలో ఆరేళ్ళలోపు పిల్లలలో 28 శాతం మందికి డెసిలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి సీసం ఉన్నట్లు తేలింది. కర్మాగారానికి అరమైలు లోపల నివసించే పిల్లలలో ఇది 45 శాతం. ఇందులో పొగగొట్టం పాలు ఎంతో ఉన్నది. వీధిలో రాలిన పిండి పాలూ ఉన్నది. చివరకు 2013లో ఆ కర్మాగారం మూతపడింది.

రెండవది అలస్కా వాయవ్య భాగంలోని రెడ్ డాగ్ గని. సీసం, యశదం తీసే ఈ గని 1989లో పని మొదలుపెట్టింది. అక్కడినుండి సముద్రతీరానికి సుమారు 84 కిలోమీటర్ల దారి ఉన్నది. ఆ పరిసరాలలోని ఇన్యుపియాట్ ప్రజలు వేటమీద, అడవి పండ్లమీద ఆధారపడి జీవిస్తారు. 2000లో దారి పక్కన పెరిగే నాచును సేకరించి పరీక్షించగా, రహదారికి దగ్గరగా ఉన్న నాచులో సీసం అత్యధికంగా ఉండి, దూరం పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. దారే మూలమని దీనివల్ల స్పష్టమైంది. 2001లో టార్పాలిన్ కప్పిన పాత వాహనాల స్థానంలో గట్టి ఉక్కుమూతలు బిగుసుకొనే వాహనాలను ప్రవేశపెట్టారు.

శరీరంలో సీసం చేసే పని

పసిపిల్లలు నేలమీద పాకుతారు, చేతులు నోట పెట్టుకుంటారు. పైగా నోటిద్వారా ప్రవేశించిన సీసాన్ని వారి శరీరం పెద్దల శరీరం కంటే నాలుగైదు రెట్లు అధికంగా గ్రహించగలదు. కాల్షియాన్ని పోలి ప్రవర్తించే లక్షణం వల్ల సీసం ఎముకలలో చేరి దశాబ్దాలపాటు నిలువ ఉంటుంది. గర్భిణి శరీరంలో ఎముకల నుండి కాల్షియం కరిగినప్పుడు దానితోపాటు సీసమూ రక్తంలోకి వచ్చి గర్భస్థ శిశువును చేరుతుంది. పిల్లలలో బుద్ధివికాసం, ఏకాగ్రత, వినికిడి దెబ్బతింటాయి. పెద్దలలో రక్తపోటు, మూత్రపిండాల వ్యాధులు కలుగుతాయి. మోతాదు పెరిగితే పాండురోగం, కడుపునొప్పి, మలబద్ధకం, మూర్ఛలు కనబడతాయి.

అయితే చాలామంది పిల్లలలో పైకి ఏ లక్షణమూ కనబడదు. వెంటనే చంపక, శరీరంలో దాగి కాలక్రమేణా ధాతువులను చెరిచే విషాన్ని సుశ్రుతాచార్యుడు దూషీవిషమన్నాడు. సీసపు స్వభావం దీనికి ఎంతో దగ్గరగా ఉన్నది. ఇంతవరకు హాని లేదని చెప్పగల సీసపు పరిమాణం ఏదీ లేదు. రక్తంలో 5 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి ఉంటే అది ఎక్కడినుండి వస్తున్నదో కనుగొని ఆపవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

దారిలోనే ఆపవలెను

గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు జనపదమంతా వ్యాధిగ్రస్తమవుతుందని చరకసంహిత జనపదోద్ధ్వంస ప్రకరణంలో వివరించింది. అటువంటి చోట ఇంటింటికీ కషాయం పంచినంత మాత్రాన ఫలితం ఉండదు, మూలాన్నే సరిచేయవలెను. ఖనిజపు దారి విషయంలో చేయవలసినవి ఇవి:

1. పిండిని మూసిన గదిలో నింపవలెను. గట్టి మూత బిగిసే పెట్టెలలో గాని, మూసివేసిన సంచులలో గాని తరలించవలెను. టార్పాలిన్ మాత్రమే చాలదు.

2. గని ద్వారం వద్ద, దింపే చోటు వద్ద లారీని, ముఖ్యంగా చక్రాలను కడిగి పంపవలెను. కడిగిన నీటిని కాలువలోకి వదలక తొట్టిలో పట్టి శుద్ధి చేయవలెను.

3. బడులు, ఇళ్ళు లేని దారిని ఎన్నుకొని, వేగాన్ని తగ్గించవలెను.

4. రాలినదానిని వెంటనే తడిపి, పీల్చే యంత్రంతో ఎత్తవలెను. కేవలం నీరు చల్లితే ధూళి అణుగుతుందే గాని తొలగదు. ఎండగానే మళ్ళీ లేస్తుంది.

5. దారి పక్క మట్టిని, పిల్లల రక్తాన్ని నియమిత కాలంలో పరీక్షించి, ఫలితాలను ప్రజలకు తెలపవలెను.

ఇంటిలో పాటించవలసినవి

కళ్ళాపి చల్లి వాకిలి ఊడ్చే అలవాటు, బయటినుండి వచ్చి కాళ్ళు కడుక్కొని లోపలికి అడుగుపెట్టే అలవాటు ఇక్కడ మేలుచేస్తాయి. పొడి చీపురుతో ఊడిస్తే సన్నని ధూళి లేచి గంటల తరబడి గాలిలో ఉంటుంది. నేలను, కిటికీ అంచులను తడిగుడ్డతో తుడవవలెను. ఊడ్చిన మట్టిని కూరపాదుల్లో వేయరాదు. భోజనానికి ముందు, నిద్రకు ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగవలెను. గోళ్ళు పొట్టిగా ఉంచవలెను. దారి పక్క నేలలో ఆకుకూరలు, దుంపలు పెంచరాదు. గనిలోనో, లారీమీదనో పనిచేసేవారు పనిబట్టలు అక్కడనే మార్చుకొని రావలెను; ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకరాదు.

ఆహారం, ఔషధం

ఖాళీ కడుపున సీసం ఎక్కువగా ఒంటబడుతుంది. ఇనుము, కాల్షియం కొరవడిన శరీరం దానిని మరింతగా గ్రహిస్తుంది. కనుక పిల్లలకు వేళకు భోజనం పెట్టవలెను. రాగిజావ, పాలు, పెరుగు, నువ్వులు, పప్పులు, మునగాకు ఇవ్వవలెను. వీటితోపాటు ఉసిరి, నిమ్మ, జామ తీసుకొంటే ఇనుము బాగా వంటబడుతుంది. ఇవి సీసం చేరికను తగ్గించగలవే గాని, చేరినదానిని బయటికి పంపవు.

రక్తం శుభ్రపడటానికి చూర్ణమేదైనా చెప్పమని పాఠకులు అడగవచ్చు. త్రిఫల గాని, కొత్తిమీర రసం గాని, మరే గృహవైద్యం గాని సీసపు విషానికి చికిత్స అని నమ్మి కాలయాపన చేయరాదు. రక్తంలో సీసం 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు సీసాన్ని బంధించి మూత్రం ద్వారా వెలువరించే మందులు ఉన్నవి. వాటిని ఆసుపత్రిలో, వైద్యుని పర్యవేక్షణలోనే ఇవ్వవలెను. పిల్లవాడు తిరిగి అదే ధూళిలోకి వెళితే ఆ చికిత్సా నిష్ఫలమే.

ఇంకొక మాట మన వైద్యులకు కూడా వర్తిస్తుంది. 2004లో వెలువడిన ఒక పరిశోధనలో బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా 14 ఔషధాలలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి భారలోహాలు కనబడ్డాయి. నాగభస్మం గాని, అది కలిసిన యోగాలు గాని ఎవరూ స్వయంగా వాడరాదు. పసివారికి, గర్భిణులకు అసలే ఇవ్వరాదు. లారీ ధూళిని తప్పుపట్టే మనం మందు సీసాను కూడా అదే త్రాసులో తూచవలెను.

మన ప్రాంతంలో

మన పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో పూర్వం సీసపు గని నడిచింది. నేడు దేశంలో సీసం, యశదం గనులు ప్రధానంగా రాజస్థాన్‌లో ఉన్నవి. గని లేనిచోట కూడా పాత బ్యాటరీలు పగలగొట్టే స్థలాల పక్క మట్టిలో సీసం ఉంటుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయినా, అంతకుముందు రద్దీ రహదారుల పక్క మట్టిలో చేరిన సీసం ఇంకా మిగిలి ఉండవచ్చు. కనుక పై గృహనియమాలు అటువంటి చోట్లా పాటించదగినవి.

వ్యాధికారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సలో మొదటి మెట్టని మన ఆచార్యుల బోధ. దానికే నిదాన పరివర్జనమని పేరు. సీసం విషయంలో ఆ మొదటి మెట్టే దాదాపు మొత్తం చికిత్స. ఖనిజపు లారీలు తిరిగే దారి పక్క నివసించేవారు ముందుగా పిల్లలకు రక్తపరీక్ష చేయించవలెను. ఆ ఫలితాలతో ఊరివారందరూ కలిసి పంచాయతీని, కాలుష్య నియంత్రణ మండలిని ఆశ్రయించి, లారీకి గట్టి మూత, చక్రాలకు కడుగుడు అడగవలెను. ఏ ఒక్క ఇంటివారో తలుపులు మూసుకొన్నంత మాత్రాన ఈ ధూళి ఆగదు.