బాణీ కట్టేది ఎవరు?

ప్రశ్న: ఏఐ క్షణాల్లో పాట కట్టేస్తుంటే సంగీత దర్శకుడికి ఇక పనేముంది?

జవాబు: బీటిల్స్ బృందం వారి 'నౌ అండ్ దెన్' (2023) సంగతే చూడండి. 1970ల చివర్లో జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడిపెట్టుకున్న పాట అది. గొంతు పియానో మోతలో కలిసిపోవడంతో 1995లో మిగతా ముగ్గురూ పక్కన పెట్టేశారు. ఏఐ చివరికి ఆ గొంతును విడదీసి ఇచ్చింది. ఒక్క స్వరమూ కట్టలేదు. మూలంలోని ఏ భాగాన్ని తీసేయాలో, తీగవాద్యాలు ఎక్కడ రావాలో తేల్చింది ఆ ముగ్గురిలో ఒకరైన మెకార్ట్‌నీ, ఆయనతో పనిచేసినవారే. ఇప్పుడు ఒక్క వాక్యం టైపు చేస్తే పాటంతా వస్తోంది కదా అంటారేమో. వస్తోంది, చాలాసార్లు వినసొంపుగానూ ఉంటోంది. అయితే పది బాణీలు విని తొమ్మిదింటిని వదిలేయగల చెవి ఉన్నవారికే అది పనిముట్టు. మొదటి బాణీతోనే సరిపెట్టుకునే చోట మాత్రం మీ సందేహం నిజమే: ప్రకటనలకు నేపథ్య సంగీతం వాయించి బతికేవారి ఆదాయానికి ముప్పుంది.