అంజలి ఘటించే ఇండ్లు

జపాను దేశంలోని తకయామా పట్టణం నుండి ఉదయాన బస్సులో బయలుదేరితే గంట లోపునే షిరకావగో చేరుకుంటాము. షో నదిపై వ్రేలాడే వంతెన దాటగానే ఒగిమాచి గ్రామం. ఇక్కడి ఇండ్ల కప్పులు జోడించిన చేతుల వలె ఉంటాయి. వీటిని 'గష్షో' ఇండ్లంటారు. గష్షో అనగా అంజలి ఘటించుట, మన నమస్కారమే! శీతకాలపు మంచు జారిపోవడానికే ఈ ఏటవాలు. పూర్వం అటకలపై పట్టుపురుగులను పెంచేవారు. ఇంటి నడుమ నేలలో అమర్చిన పొయ్యి నుండి లేచే పొగ కప్పుగడ్డికి పురుగు పట్టకుండా కాపాడుతుంది.

భోజనంలో 'హోబా మిసో' రుచి చూడవలసిందే. పులియబెట్టిన సోయా ముద్దను, పుట్టగొడుగులను ఎండుటాకుపై ఉంచి నిప్పులమీద వేడిచేస్తారు. విస్తరిలో తినే మనకు ఆకునే పొయ్యిమీద పెట్టడం వింతగా తోస్తుంది.

కాని ఆ నిప్పే ఊరికి భయం. ఒక కప్పు అంటుకుంటే ఊరంతటికీ ముప్పే. అందుకే ఏటా శరత్తు చివర నీటిగొట్టాలన్నీ ఒక్కసారిగా విప్పి అగ్నినివారణ అభ్యాసం చేస్తారు. ముప్పై నలభై ఏండ్లకొకసారి కప్పు మార్చవలసి వస్తుంది. అప్పుడు ఇరుగుపొరుగువారు కూలి ఆశింపక శ్రమించే ఆచారమే 'యుయి'. ఈ రోజులలో పనివారిని నియమించుకొనడమూ ఉన్నది. యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ గుర్తింపునిచ్చింది. అయితే ఇండ్లను అమ్మరాదు, అద్దెకీయరాదు, కూల్చరాదని గ్రామస్థులు 1971లోనే కట్టుబాటు చేసుకున్నారు.

సాయంత్రం తిరుగు బస్సు ఎక్కేముందు వెనుదిరిగి చూస్తే, ఒక కప్పుపై కొత్త గడ్డి, మరొకదానిపై ముదిరిన నాచు కనిపిస్తాయి.