చెలక ఇంటికి పంపు, వేడినీళ్ళు

కార్తీకం దాటి చలి ముదిరింది. నెక్కొండ చుట్టుపక్కల ఒకవైపు పత్తి ఏరుతున్నారు, ఇంకోవైపు మిరపకు మందు కొడుతున్నారు. తోట కావలికో, పశువుల కోసమో కరెంటు స్తంభం రాని చెలకలోనే ఇల్లు వేసుకున్నవాళ్ళు ఈ రోజుల్లో అడిగేవి రెండే: ఏ పంపు కొనాలి, వేడినీళ్ళకు ఏం పెట్టుకోవాలి?

కొనే ముందు ఈ లెక్క చూడండి. 100 లీటర్ల చన్నీళ్ళను 30 డిగ్రీలు వేడెక్కించడానికి మూడున్నర యూనిట్లు పడుతుంది. 1,000 లీటర్లను 200 అడుగుల లోతు నుంచి పైకి తోడడానికి అర యూనిట్ చాలు. కిలోవాట్ సోలార్ ప్యానెళ్ళు మంచి ఎండ కాసిన రోజున ఇచ్చేది సుమారు 4 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ నిండా చార్జి అయితే ఉండేది 1.8 యూనిట్లే. లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగేళ్ళు మన్నాలంటే అందులోనూ సగానికి మించి వాడకూడదు. కాబట్టి బ్యాటరీ మీద గీజరు గానీ హీటర్ రాడ్ గానీ పెట్టుకోవద్దు. ప్యానెళ్ళ కరెంటుతో నీళ్ళు తోడుకోండి, కాచే పని నేరుగా ఎండకే వదిలేయండి.

పంపు విషయంలో చాలామంది పొరపడేది లోతు దగ్గర. వానాకాలం వెళ్ళిన కొత్తలో బోర్లలో నీళ్ళు పైకి ఉంటాయి. ఇప్పటి మట్టం చూసి పంపు కొంటే మే నెలలో అది ఒట్టిగా తిరుగుతుంది. మనది రాతి నేల, నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి, ఎండలు ముదిరితే మట్టం దిగిపోతుంది. అందుకే నడి ఎండాకాలంలో నీళ్ళు ఎంత లోతున ఉంటాయో ఆ కొలత తీసుకోండి. దానికి ట్యాంకు ఎత్తు కలపండి, పైపు రాపిడికి పదో వంతు వేసుకోండి. మే నెలలో 150 అడుగులు, ట్యాంకు 20 అడుగులు అయితే మొత్తం దాదాపు 190 అడుగులు. దుకాణంలో హెచ్.పి. కన్నా ముందు ఈ అంకె చెప్పండి. ఇంటికీ రెండు మూడు పశువులకూ 1,000 లీటర్ల ట్యాంకు సరిపోతుంది, దానికి చిన్న డీసీ పంపు చాలు. కంట్రోలర్ పెడితే ప్యానెళ్ళ మీదే నడుస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. మామూలు ఏసీ మోటరు స్టార్టయ్యేటప్పుడు నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టరు దాన్ని మోయలేదు. నీళ్ళు లేనప్పుడు పంపు దానంతటదే ఆగే ఏర్పాటు ఉందా అని తప్పక అడగండి. బోరు కాకుండా బావి అయితే, గట్టు మీద పెట్టే మోటరు ఇరవై అడుగులు దాటితే సరిగా లాగదు.

పొలానికే సోలార్ పంపు కావాలంటే 2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకం కింద, లైను లేని చోట 7.5 హెచ్.పి. వరకు రాయితీ ఇస్తూ వచ్చారు. ఇప్పుడు ఉందో లేదో రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ టీజీ రెడ్కోను గానీ మండల వ్యవసాయ అధికారిని గానీ అడగండి.

ఇక వేడినీళ్ళు. నలుగురైదుగురి ఇంటికి రోజుకు 100 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ చాలు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండి, కాగు అడుగున తెల్లటి పెచ్చు కడుతుంటే రాగి గొట్టాల రకం వద్దు, సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. గాజు గొట్టాల రకం తీసుకోండి, విప్పి కడుక్కోవచ్చు. అయితే ఎండకు కాలిన ఖాళీ గొట్టాల్లోకి మిట్టమధ్యాహ్నం చన్నీళ్ళు వదిలితే పగులుతాయి. తెల్లవారుజామునే నింపాలి. కోతులు తిరిగే చోట పైన ఇనుప జాలి బిగించండి. నీళ్ళ బరువే ఒక క్వింటాలు కాబట్టి రేకుల కప్పు మీద పెట్టొద్దు, ఇంటి పక్కన దక్షిణం ముఖంగా ఇనుప స్టాండు మీద నిలపండి. చన్నీళ్ళ ట్యాంకు దానికంటే ఎత్తున ఉండాలి. గాలి పోయే గొట్టాన్ని ఎప్పుడూ మూయొద్దు. ముసురు పట్టిన రోజులకు బయట పొయ్యి మీద కాగు ఉండనే ఉంది. చేనులో తగలబెట్టే పత్తి కట్టెను, మక్క బెండ్లను దానికి దాచుకోండి.

సోలార్ నీళ్ళు బాగా కాగి ఉండేది సాయంత్రం. మందు కొట్టి వచ్చేదీ అప్పుడే. చలికి జంకి స్నానం తెల్లారికి వాయిదా వేస్తే ఆ మందు రాత్రంతా ఒంటి మీదే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళతో, సబ్బుతో ఒళ్ళంతా కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే అన్నానికి కూర్చోండి.