పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్ల



సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథ మీకు తెలిసిందే. ఒక ఊరిలో ఇద్దరున్నారు. ఒకడు మందలకు మందలు గల కలవాడు. రెండవవాడు లేనివాడు. వాడికున్నదల్లా కొని తెచ్చి సాకుకున్న ఒక చిన్న గొఱ్ఱెపిల్ల. అది వాడి బిడ్డలతోపాటు పెరిగింది, వాడు తినేదాంట్లోనే తిన్నది, వాడి ఒడిలోనే నిద్రపోయింది. కలవాడి ఇంటికి చుట్టం వచ్చాడు. తన మందను ముట్టడానికి మనసొప్పక, లేనివాడి గొఱ్ఱెపిల్లను పట్టుకొచ్చి విందు చేశాడు.

ఈ కథను గుడిలో ఎప్పుడు విన్నా మనం దావీదు పాపాన్ని గురించే ఆలోచిస్తాం. అది సబబే, ప్రవక్త చెప్పదలచిందీ అదే. కాని ఈ వారం మరొక చిన్న సంగతి గమనించండి. కథ వింటున్న దావీదు, "పోనిద్దూ, గొఱ్ఱెపిల్లే గదా" అనలేదు. చిన్ననాడు స్వయంగా గొఱ్ఱెలు కాసినవాడు గనుక ఒక్కసారిగా మండిపడ్డాడు. ఏమీ లేనివాడికి ఒక మూగప్రాణితో ఉండే అనుబంధం ఎంతటిదో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనవసరం లేకపోయింది. ఆ ఒక్క విషయం తెలియని రాజైతే నాతాను కథ పారేది కాదు.

అటువంటి గొఱ్ఱెపిల్ల ఈనాడు మన మధ్య కుక్క రూపంలోనో, పిల్లి రూపంలోనో, పంజరంలోని చిలుక రూపంలోనో ఉంటుంది. వృద్ధులు, జబ్బుపడినవారు, ఇల్లు లేనివారు తమ పెంపుడు ప్రాణిని వదులుకోవలసిన అవసరం రాకుండా చేయి అందించే సేవాసంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇవి ఎక్కువగా బ్రిటన్ దేశంలో పనిచేస్తున్నవి. అంత దూరపు సంగతి మనకెందుకని అనకండి. మన విచారణల నుండి నర్సులుగా, వృద్ధుల సంరక్షకులుగా ఆ దేశానికి వెళ్ళిన బిడ్డలు తక్కువేమీ కాదు. ఈ సంస్థలు ఆదుకునే ముసలివారిని దినదినమూ చూసేది, వారికి అన్నం తినిపించేది మన పిల్లలే.

మొదట కొంచెం చరిత్ర. 1917 నవంబరులో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, లండన్ నగరపు తూర్పు భాగాన వైట్‌చాపెల్ అనే పేదల పేటలో మరియా డికిన్ అనే ఆవిడ పేదల జంతువులకు ఉచిత వైద్యశాల తెరిచింది. అది భవనం కాదు, ఒక నేలమాళిగ. దాన్ని వాడుకోనిచ్చింది ఆమెకు తెలిసిన ఒక మతబోధకుడు. గమనించవలసిందేమిటంటే, ఆవిడ ఆ పేటలో అడుగుపెట్టింది జంతువుల కోసం కాదు. పేదలను, రోగులను చూడబోయి, వారి వాకిళ్ళలో కుంటుతున్న గాడిదలను, పుండ్లుపడిన కుక్కలను చూసింది. పశువైద్యుడికి ఇవ్వడానికి వారి దగ్గర డబ్బు లేదు. బండి లాగే గాడిద మంచాన పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు గదా! ఆనాటి నేలమాళిగ నుండి పుట్టిన సంస్థ పీ.డీ.ఎస్.ఏ. అనే పేరుతో ఈనాటికీ తక్కువ రాబడి గలవారి పెంపుడు జంతువులకు ఉచితంగానో, తక్కువ ఖర్చుతోనో వైద్యం చేస్తోంది.

వృద్ధుల విషయంలో చెప్పుకోదగినది సినమన్ ట్రస్ట్. దీన్ని 1985లో ఆవెరిల్ జార్విస్ అనే ఆవిడ స్థాపించింది. సినమన్ అంటే మన దాల్చినచెక్క, కాని ఇక్కడ అది ఆవిడ పెంచుకున్న కుక్క పేరు. ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్ జిల్లా ఈ సంస్థకు కేంద్రం. దేశమంతటా వేలాది మంది స్వచ్ఛంద సేవకులు దీనికి ఉన్నారు. వారు చేసే పని వింటే మనకు నవ్వు రావచ్చు. కాళ్ళనొప్పులతో గడప దాటలేని ఒక పెద్దావిడ కుక్కను గొలుసు పట్టుకుని అరగంట వీధిలో తిప్పి తెస్తారు, అంతే! పిల్లి ఉన్న ఇంట్లో మట్టిపెట్టె శుభ్రం చేస్తారు, పక్షి ఉన్న ఇంట్లో పంజరం కడుగుతారు. దుకాణం నుండి మేత తెచ్చిపెడతారు, పశువుల ఆస్పత్రికి తీసుకెళతారు. యజమాని ఆస్పత్రిలో చేరవలసి వస్తే, తిరిగి వచ్చేవరకు ఆ ప్రాణిని తమ ఇంట్లో ఉంచుకుంటారు. యజమాని చనిపోతే దానికి శాశ్వతమైన చోటు చూస్తారు. తమ తరువాత దీన్ని ఎవరు చూస్తారన్న దిగులు ఉన్న ముసలివారు బ్రతికుండగానే సంస్థతో ఆ ఏర్పాటు చేసుకోవచ్చు.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. "నాకేమైనా అయితే దీని గతేమిటి?" ఈ ప్రశ్న ముసలితనంలో మనిషిని ఎంత తినేస్తుందో వృద్ధుల మధ్య పనిచేసే మఠకన్యలను అడగండి. కుక్కను చూసుకునేవారు లేరని ఆస్పత్రిలో చేరడం వాయిదా వేసేవారున్నారు. చేరినా, మనసు ఇంటి దగ్గరే పెట్టుకుని సంతకం చేసి మధ్యలోనే వచ్చేసేవారున్నారు. మన పల్లెల్లో మాత్రం లేరా? బిడ్డలు పట్నంలో, భర్త సమాధుల తోటలో. ఇంట్లో మిగిలింది మామ్మ, ఒక కుక్క, నాలుగు కోళ్ళు. "కంటి ఆపరేషనుకు రా మామ్మా" అని కొడుకు ఫోను చేస్తే "పంట నూర్పిళ్ళయ్యాక చూద్దాంలే" అంటుంది. అసలు కారణం నూర్పిళ్ళు కాదని పక్కింటివారికి తెలుసు, కొడుక్కి తెలియదు.

ఇంకో రెండు సేవలను క్లుప్తంగా చెబుతాను. స్ట్రీట్‌వెట్ అనే సంస్థను 2016లో ఇద్దరు పశువైద్యులు లండన్‌లో మొదలుపెట్టారు. సంచీలో మందులు వేసుకుని, రోడ్డు పక్కన పడుకునే నిరుపేదల దగ్గరకే వెళ్ళి వారి కుక్కలకు వైద్యం చేస్తారు. చాలా రాత్రి వసతి గృహాలు కుక్కను రానివ్వవు, కుక్కను విడిచి ఆ మనిషి లోపలికి రాడు. అందుకని కుక్కతో సహా రానిచ్చే వసతులు పెరగాలని కూడా వారు పాటుపడుతున్నారు. రెండవది, డాగ్స్ ట్రస్ట్ అనే పెద్ద సంస్థ 2004 నుండి నడుపుతున్న ఫ్రీడమ్ ప్రాజెక్ట్. ఇంట్లో కొట్టే భర్త నుండి తప్పించుకుని పోవాలనుకునే స్త్రీకి కుక్క ఒక సంకెల అవుతుంది. వదిలిపోతే అతడు దాన్ని ఏమి చేస్తాడోనని భయం, తీసుకుపోతే ఆశ్రయమిచ్చేవారు ఉండరు. ఆమె నిలదొక్కుకునే వరకు ఆ కుక్కను రహస్యంగా వేరే ఇంట్లో పెంచుతారు. నా దృష్టిలో ఇన్నింటిలోకీ విలువైన పని ఇదే. ఇక్కడ కాపాడుతున్నది కుక్కను మాత్రమే కాదని వేరే చెప్పాలా?

ఇక, మీలో చాలామంది మనసులో మెదులుతున్న ప్రశ్నకు వద్దాం. "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు దానధర్మాలా?" ఇది తేలికగా తోసేయవలసిన ప్రశ్న కాదు. తల్లి శ్రీసభ కూడా దీన్ని తోసేయలేదు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో 2415 నుండి 2418 వరకు గల సంఖ్యలు చదవండి. జంతువులు దేవుని సృష్టి అనీ, వాటిపట్ల దయ చూపడం మన బాధ్యత అనీ, అనవసరంగా బాధించడం మానవ గౌరవానికే విరుద్ధమనీ అక్కడ ఉంది. ఆ వెంటనే, మనుషుల దురవస్థను తొలగించడానికి ముందుగా ఖర్చు చేయవలసిన సొమ్మును జంతువులపై వెచ్చించడం తగదనీ, మనుషులకే చెందవలసిన అనురాగాన్ని వాటికి మళ్ళించరాదనీ కూడా ఉంది. 2022 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ వారు బిడ్డలకు బదులు కుక్కలను, పిల్లులను పెంచుకునే దంపతులను మందలించినప్పుడు లోకమంతా గగ్గోలు పుట్టింది. 2015లో సృష్టి సంరక్షణ గురించి లౌదాతో సీ లేఖ రాసినవారూ ఆయనే. రెండింటినీ కలిపి చదువుకోవాలి.

ఈ బోధనను మన అంశానికి అన్వయించి చూడండి. డబ్బున్నవారు కుక్కకు పట్టు పరుపు, పుట్టినరోజు కేకు కొనడం ఒక సంగతి. పింఛను డబ్బుతో బ్రతికే ఒంటరి మనిషి దగ్గర ఉన్న ఒకే ఒక తోడును నిలబెట్టడం వేరొక సంగతి. మొదటిదానికి మనం చందా ఇవ్వనక్కరలేదు. రెండవదానిలో సొమ్ము మేతకు పోతున్నా, మందుకు పోతున్నా, తీరుతున్న దురవస్థ మనిషిదే. కాబట్టి ఒక సంస్థను ఆదుకోవాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు, "దీనివల్ల ఏ మనిషికి ఊరట?" అని అడగండి. జవాబు స్పష్టంగా వస్తే సత్యోపదేశం చెప్పిన హద్దు లోపలే ఉన్నాం.

పునీత మార్టిన్ డి పోరస్ వారిని గుర్తు చేసుకోండి. పెరూ దేశపు లీమా నగరంలో 1579లో పుట్టి 1639లో మరణించిన ఆ డొమినికన్ సహోదరుడు రోగులకు సేవ చేస్తూనే, దిక్కులేని కుక్కలను, పిల్లులను తన చెల్లెలి ఇంట ఉంచి సాకేవారు. రోగి పుండు కడిగిన చేతులే కుక్క గాయానికీ కట్టు కట్టాయి. 1962లో ఆయనను పునీతుల వరుసలో చేర్చినప్పుడు, శ్రీసభ ఆ రెంటినీ విడదీసి చూడలేదు.

తోడు అంటే మందు అని మాత్రం భ్రమపడవద్దు. 1980లో అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. గుండెజబ్బుతో ఆస్పత్రికి వచ్చిన 92 మందిని ఏడాదిపాటు గమనిస్తే, ఇంట్లో పెంపుడు జంతువు ఉన్న 53 మందిలో ముగ్గురు, లేని 39 మందిలో 11 మంది మరణించారు. పత్రికలు దీన్ని బాగా ప్రచారం చేశాయి. అయితే తరువాత జరిగిన పరిశోధనలన్నీ ఇదే ఫలితాన్ని చూపలేదు. గుండె బాగుపడుతుందని కుక్కను కొనిపెట్టకండి. ఉన్నదాన్ని లాగేసుకోవద్దన్నదే ఇక్కడి మాట. మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. యజమానికి మతిమరుపు ముదిరి, మేత పెట్టాడో లేదో కూడా గుర్తులేని స్థితి వస్తే, ఆ ప్రాణిని వేరే ఇంటికి పంపడమే దయ. మంచి సంస్థ ఆ మాట నొప్పించకుండా చెబుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ విడదీయమని పంతం పట్టే సంస్థను నేనైతే నమ్మను.

విపత్తు వేళ ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 2005 ఆగస్టులో అమెరికాలో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచినప్పుడు, ఆశ్రయాలు జంతువులను రానివ్వవని తెలిసి ఎందరో ఇళ్ళు కదలలేదు. ఆ అనుభవంతో మరుసటి ఏడు అక్టోబరులో ఒక చట్టం చేసి, జనాన్ని తరలించే ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటు ఉండాలన్నారు. మన సముద్రతీరపు విచారణలవారికి ఇది కొత్త సంగతా? గేదెను విప్పి వదిలేసి తుఫాను షెల్టరుకు రమ్మంటే, తలుపు దగ్గరే నిలబడిపోయే పెద్దలు మనకు తెలుసు. వారిని మొండివారని తిట్టేముందు నాతాను కథ ఒకసారి తలచుకోవాలి.

సరే, ఏమి చేయగలం? బ్రిటన్‌లో ఉన్న మీ అమ్మాయికి, అబ్బాయికి ఈ సంస్థల పేర్లు రాయండి. ఆ దేశంలో డబ్బుకంటే అరగంట నడక దొరకడం కష్టం. వారానికి ఒక సాయంత్రం ఒక ముసలాయన కుక్కను తిప్పి తెస్తే, పరాయి దేశంలో మన పిల్లల ఒంటరితనం కూడా కొంత తీరుతుంది. చందా ఇవ్వదలచినవారు ఆ సంస్థ పేరు అక్కడి ధర్మసంస్థల ప్రభుత్వ రిజిస్టరులో ఉందో లేదో, జమాఖర్చులు ఏటా సమర్పిస్తోందో లేదో చూసుకుని ఇవ్వాలి. ఎవరైనా సరే ఉచితంగా చూడగల రిజిస్టరు అది.

ఇక్కడ మన ఊళ్ళో ఇందుకోసం కొత్త సంస్థ అక్కరలేదు. 1833లో పారిస్‌లో ఓజానాం, ఆయన స్నేహితులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సభ మన విచారణల్లో ఉన్నచోట, సభ్యులు పేదల ఇళ్ళకు వెళుతూనే ఉన్నారు. బియ్యం, మందు చీటీ, అద్దె గురించి అడుగుతున్నారు. ఇంట్లో కుక్కో, మేకో, కోళ్ళో ఉంటే వాటి గురించి కూడా ఒక మాట అడగండి. "మీరు ఆస్పత్రికి వెళితే దీనికి గంజి పోసేదెవరమ్మా?" అని అడిగితే, ఆమె అంతవరకూ దాచిన సగం కష్టాలు బయటపడతాయి. పక్కింటి యువకుడి పేరు ఒకటి రాసి ఉంచితే చాలు. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువుల ఆస్పత్రులు చాలాచోట్ల కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తాయి. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ ఆ టీకాను మొదటిసారి ఒక బాలుడికి వేశారు. నడవలేని వృద్ధుల కుక్కలను ఆ రోజు అక్కడికి తీసుకెళ్ళే పని మన యువతీ యువకులకు అప్పగించవచ్చు. కరిచే కుక్కలు కూడా ఉంటాయి గనుక, యజమాని చేత గొలుసు కట్టించి, ఒక పెద్దమనిషిని వెంట ఇచ్చి పంపండి.

వచ్చే సభ సమావేశంలో, ఇళ్ళ సందర్శన పుస్తకంలో మందుల గడి పక్కన ఇంకొక గడి గీసుకుని, ఎవరి ఇంట ఏ ప్రాణి ఉందో, అవసరమైనప్పుడు దాన్ని చూసేవారెవరో రాయడం మొదలుపెట్టండి.